పాత బోర్డుకు కొత్త ఇంజను

1989. నరసరావుపేటలో ఒక లారీ ఆఫీసు. మొగుడి చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. పెళ్లాం మూత తీసిన కంప్యూటరు వంక చూస్తోంది.

"ఏందే అట్టా చూస్తావు? నువ్వు ఆఫీసు లెక్కలు చేసే పాత ఎక్స్‌టీ కంప్యూటరు నత్తలా పాకుతోందని హైదరాబాదు నుంచి కొత్త రకం టూ ఎయిటీసిక్స్ చిప్పు తెప్పించా."

"చిప్పు ఒక్కటేనా? బోర్డేది?"

"పాత బోర్డుందిగా! మన లారీకి కొత్త ఇంజను ఎక్కించలా? చాసిస్ అదే, పరుగు రెండింతలు."

"ఇది లారీ కాదు బావా. ఆ చిప్పుకి బోర్డే వేరు. పాత చిప్పు పొడుగ్గా ఉంది, కొత్తది పలకలా ఉంది. కళ్లకు కనపళ్లా?"

"కనపడింది. గట్టిగా నొక్కితే దిగుద్దనుకున్నా."

"పాత చిప్పన్నా ఉందా?"

"పీకేటప్పుడు దాని కాళ్లు విరిగినయ్."

"గుంటూరులో ఏడాది కంప్యూటరు నేర్చుకుని వచ్చా. నన్నొక మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?"

"ఆడదాన్ని అడిగి ఇంజను మార్చానంటే షెడ్డులో నవ్వరటే?"

"ఇక నవ్వరులే. మిషను పోయింది, రేపట్నుంచి నేను మళ్లీ వంటింట్లోకే."

"కొన్నాళ్లు సర్దుకోవే."

"బలవంతాన నొక్కితే సర్దుకునేది ఈ ఇంట్లో నేనొక్కదాన్నే బావా. అది మిషను."