లవంగం తర్వాత పువ్వు

సముద్రం నడుమ దీవిలో, అందరూ హిందీ మాట్లాడే డిగ్నాబాద్ పేటలో చిన్న అత్తర్ల దుకాణం, మధ్యాహ్నం వేళ. గల్లా దగ్గర ఒక అమ్మాయి, ఎదురుగా చేపలమ్మే అసిరమ్మ.

“రుద్దకండి ఆంటీ, రుద్దితే పాడైపోతాది. అలా గాలికి వదిలేయండి.”

“వదిలేసేను. ఏటిది, పలావు వాసనొస్తంది?”

“అది లవంగం. ముందు అదే వస్తాది. థోడా ఆగండి, వెనకాల పువ్వు వస్తాది. ఈ అత్తారు ఒంటి మీద మెల్లగా మారతాది.”

“అత్తారు కాదే గుంటా, అత్తరు. అత్తారంటే మొగుడి తరపోళ్ళు.”

“నాకు రెండూ ఒకలాగే ఉంటాయి. చదివింది హిందీ స్కూల్లో. ఇక్కడందరూ ఇత్ర్ అంటారు.”

“అమ్ముతావు గానీ పేరు పలకలేవు. సరే, ఇది చేప వాసన చంపేస్తాదా, అది చెప్పు.”

“ఏం చేప?”

“నా చేతులే. జంగ్లీఘాట్ బజార్లో కోనాం చేపలు కోస్తాను. నిమ్మకాయ రుద్దేను, సున్నిపిండి రుద్దేను, సర్ఫూ రుద్దేను. పోదు. సాయంత్రం పిల్లని చూడ్డానికి ఎళ్ళాలి.”

“అచ్ఛా. మీ అబ్బాయికా?”

“ఊఁ. లాంచీలో ఇంజను పని. కిందటేడు ఒకరింటికెళ్తే, ఆ పిల్ల తల్లి నా చేతికి కాఫీ ఇచ్చి, కొంగు ముక్కుకడ్డం ఎట్టుకుంది. మళ్ళీ కబురే లేదు. నీ వల్లేనని నా కొడుకు ఏనాడూ అనలేదు. నాకే సిగ్గు. ఈ సంబంధం కూడా నా చేతుల వల్ల పోతే నేను తట్టుకోలేను.”

“కూర్చోండి, చాయ్ తాగండి. ఎక్కడికి వెళ్తన్నారు?”

“డెలానీపూర్. గణేశ్వరరావుగారని, ఆఫీసోళ్ళు. పెళ్ళిళ్ళు కుదిర్చే గవరయ్య చెప్పిన సంబంధం. నువ్వెరుగుదువా?”

“అబ్బాయి పేరేంటి?”

“సాయి. ఎరుగుదువా అంటే పేరడుగుతావేటి?”

“ఊరికే. పిల్ల ఫొటో చూసేరా?”

“పంపేరంట. నా ఫోన్లో పొద్దుటనుంచి ఆ చక్రం తిరుగుతానే ఉంది, బొమ్మ రాదు.”

“మన దీవిలో నెట్ అంతే కదా.”

“ఎలాంటి పిల్లో ఏటో. అదీ ముక్కు మూసుకుంటే?”

“మూసుకోదు.”

“నువ్వు చూసొచ్చినట్టు చెప్తావేటి?”

“చాయ్ అయిపోయింది కదా. ఇప్పుడు చూడండి చెయ్యి.”

“ఓలమ్మ. పలావు పోనాది. సంపెంగలాగుంది. కాదు, సంపెంగా కాదు, ఏదో పువ్వు. బాగుందే.”

“ఒంటి వేడికి విచ్చుకుంటాది. ఒక్కొక్కరి మీద ఒక్కోలా. నా చేతి మీద చూడండి, పొద్దున్న రాసేను.”

“నీది ఇంకా లవంగం కాడే ఉండిపోనాది.”

“మీది ఉప్పు పట్టిన చెయ్యి. అందుకే అంత బాగా వచ్చింది.”

“ఎటకారమా?”

“కసమ్ సే, ఒట్టు, కాదు.”

“మరి చేప?”

“అడుగున కొంచెం ఉంది. ఉండనీండి.”

“ఉండనీడమేటి? ఇంకో రెండు చుక్కలు పొయ్యి.”

“వద్దు. ఎక్కువేస్తే దాస్తన్నారని తెలిసిపోతాది. ఆ చేతులతోనే కదా అబ్బాయిని పెంచేరు. అలాగే రండి.”

“రండేటి, వెళ్ళండి అనాలి. నీ తెలుగు తగలెయ్య.”

“అదే, వెళ్ళండి.”

“మాటలు మాత్రం బానే నేర్చేవు. నీలాంటి పిల్లయితే నాకీ బెంగే ఉండకపోను. అరే, షట్టరు లాగేస్తన్నావేటి, ఇంకా బోల్డు పొద్దుంటే?”

“మావయ్య దుకాణమే, ఇవాళ తొందరగా కట్టేయమన్నాడు. ఇంటికెళ్ళాలి. అమ్మ చీర తీసి ఉంచింది.”

“ఏటి, పండగా?”

“కాదు. సాయంత్రం మా ఇంటికి అత్తారు వస్తన్నారు.”

“మళ్ళీ అదే తప్పు. అత్తరు అనవే. అయినా అత్తరు మీ ఇంటికి రావడమేటి?”

“లేదు ఆంటీ. ఈసారి సరిగ్గానే అన్నాను.”