తలుపులో సీసం గుండ్లు

"వాగులో రొయ్య దగ్గినా వినపడే చెవులమ్మా నావి. చెప్పు, వ్యానుకేమొచ్చింది?"

అది తొంభై ఏడో సంవత్సరం. మద్రాసు పక్కన ఎన్నూరులో నా మెకానిక్ షెడ్డుకు ఒకామె పాత పికప్ వ్యాను తెప్పించింది. దాంట్లో చేపలు తోలే ఆమె భర్త పోయి అప్పటికి ఆరు నెలలు.

"లొడలొడమంటా ఉండాది మేస్త్రీ. ఎట్లన్నా ఆపు."

"ఆయన తోలేటప్పుడూ ఉన్నిందే! అప్పుడేల రాలేదు?"

"అప్పుడు దాంతో పనుండె. వీధి మొనలో ఆ శబ్దం వింటే పొయ్యి మీద ఎసరు పెట్టేదాన్ని. ఇప్పుడు తోలేది మా తమ్ముడు. అయినా లేచిపోయి ఎసరు పెడతా ఉండాను. ఆయన పళ్లెం కడిగినాక లేడని గుర్తుకొస్తాది."

నేను డ్రైవరు పక్క తలుపు అట్ట ఊడదీశాను.

"ఇవిగో, వలకు కట్టే సీసం గుండ్లు. ఏడు."

"చెవితోనే పట్టేసినావా?"

"యాడమ్మా! ఎడం చెవి పోయి పదేండ్లు. అద్దం దిగలేదని చెయ్యి పెడితే తగిలినాయి."

ఆమె నవ్వబోయి ఆగింది.

"ఇవి ఈడికెట్లొచ్చినాయి?"

"నీ మొగుడే ఏసినాడు. 'వీధి మొనకొస్తానే దానికి తెలియాల, కూడు వేడిగుండాల' అన్నాడు నాతో."

ఆమె గుండ్లన్నీ గుప్పిట్లోకి తీసుకుని, ఒకటి నా చేతిలో పెట్టింది.

"ఒకటి లోపలే ఉండనీ మేస్త్రీ."

"మళ్లా ఎసరు పెడతావే?"

"పెడతాలే. తమ్ముడు తింటాడు."

ఒకటి లోపల వేసి తలుపు బిగించాను.

ఆమెకు చెప్పనిది మీకు చెబుతున్నాను. తలుపు జేబులో ఆయన పెట్టుకున్న గుండ్లు అట్ట చిరిగి వాటంతటవే లోపలికి జారాయి. ఆ వేడి కూడు మాట ఆయన అనలేదు, నేనే అల్లాను.