పెండ్లి సీడీని ఏడ తెంపాలె?

1999 ఎండకాలం. దేవరకొండల ఒక వీడియో షాపు. బిడ్డ పెండ్లి క్యాసెట్టును సీడీ చేపిచ్చుకోను వచ్చిన తండ్రి, షాపాయన పక్కన కంప్యూటర్ ముంగట కూసున్నడు.

"భాయ్, పెండ్లి మొత్తం ఒక్క సీడీలనే ఎక్కియ్యరాదు?"

"గట్ల కుక్కితే నా కంప్యూటర్ల మంచిగనే ఆడుతది అన్నా. పాత ప్లేయర్ల అయితే ఆగాగి నడుస్తది. మీ ఊర్ల ప్లేయర్ కొత్తదేనా?"

"కిరాయిది, పాతది. మొన్న సీన్మ నడుమ ఆగితే మా అమ్మ టీవీకి దిష్టి తీసింది."

"అయితే మామూలు సెట్టింగే వెట్టి రెండు సీడీలు చేస్త. ఏ ప్లేయర్లనైనా ఆగకుంట ఆడుతది. ఏడ తెంపాలె?"

"బంతి భోజనాల కాడ మాత్రం తెంపకు. మా బావమరిది తినేటిది కనవడకపోతే మల్ల మా గడప తొక్కడు. అప్పగింతల కాడ తెంపు. అది రెండోదాంట్ల వెయ్యి."

"ఎందుకన్నా?"

"ఊరంత కూసోని చూస్తది. మా ఆడోళ్లు మల్ల ఏడుస్తరు."

"నేను క్యాసెట్ చూసిన గదన్నా. ఆడోళ్లందరు మంచిగనే ఉన్నరు. పందిరి గుంజ వట్టుకొని ఎక్కెక్కి ఏడ్చింది నువ్వే."

"అందుకే చెప్తున్న, వేరే వెయ్యమని."

"సరే. మొదటిదాని మీద పెండ్లి అని రాస్త. రెండోదాని మీద?"

"ఖాళీ అని రాయి."