ముందు పరుగెత్తే గీత

మరిదిగారూ, మందుబిళ్ళ వేసుకున్నారా? నీళ్ళ గ్లాసు మీ కుర్చీ పక్కనే పెట్టించాను, కాలు తగలనీకండి. డిపార్టుమెంటు పెద్దగారూ, మోకాలు ఎలా ఉంది? లిఫ్టులోనే వచ్చారు కదా? ల్యాబు పిల్లలూ, ఏమైనా తిన్నారా? ముఖాలు చూస్తే తిన్నట్టు లేరు.

నా చెల్లెలు పోయిందని ఇంతమంది వచ్చారు. అదే ఉంటే "ఇన్ని కుర్చీలు ఎక్కడివక్కా?" అని నవ్వేది.

నేను పెద్దగా చదువుకోలేదు. అది బతుకంతా ఒక ఎంజైము వెంట పడింది. దాని పేరు నాకిప్పటికీ నోరు తిరగదు. ఆ రోజుల్లో మా ఇంట్లో చుట్టల తీగ ఫోను ఉండేది. నేను కంగారుగా మాట్లాడుతూ ఆ తీగను ముడులు పడేదాకా మెలిపెట్టేదాన్ని. ఒకసారి అదే తీగ చేతిలోకి తీసుకుని చెప్పింది: "మన ఒంట్లో ప్రతి కణంలో డీఎన్ఏ ఇలాగే మెలితిరుగుతుందక్కా. దాన్ని చదవాలంటే విప్పాలి. ఇక్కడ విప్పుతుంటే ముందు భాగం ఇంకా బిగుస్తుంది. అప్పుడు నా ఎంజైము వచ్చి ఒక పోగు తెంచి, మెలి వదలనిచ్చి, మళ్ళీ అతికిస్తుంది."

తెంచడమా? మళ్ళీ అతుక్కోకపోతే? అంట్లు తోముతూ అదే అడిగాను, బట్టలు ఆరేస్తూ అదే అడిగాను. "తెంచిన కొసను అది పట్టుకునే ఉంటుందక్కా, వదిలిపెట్టదు" అంది.

ఇంకోసారి ఒక ఫొటో తెచ్చింది. నల్లగా ఉంది, మీద తెల్ల గీతలు, అవే డీఎన్ఏ అట. మెలి బిగిసిన డీఎన్ఏ ముడుచుకుపోయి, జెల్లు అనే మెత్తటి పలకలో కరెంటు పెడితే ముందు పరుగెత్తుతుందట. వదులైంది వెనక నింపాదిగా నడుస్తుందట. "ముందున్న గీత నువ్వు, వెనకది నేను" అంది. అబద్ధమా? రైలుకు గంట ముందే స్టేషన్లో కూర్చునేది నేను. కూత వేశాక నవ్వుతూ వచ్చేది అది!

ఈ పిల్లల్లోనే ఒకరు గొట్టంలో ఎంజైము వెయ్యడం మరిచారు. గీతలన్నీ బిగుసుకునే ఉన్నాయి. ఆ పిల్ల ఏడుపు మొహం పెడితే, మా చెల్లెలు "గొట్టంలో మా అక్కను వేశావా ఏంటి?" అందట. ఆ రోజు నుంచి ల్యాబులో నా పేరు బిగుతు పెద్దమ్మ. అదిగో, నవ్వుతున్నారు! నవ్వండమ్మా, దానికి అదే ఇష్టం.

మరి అది పోయినప్పటి నుంచి ల్యాబు తలుపు ఎందుకు తీయడం లేదు? "మేడం లేకుండా చెయ్యి ఆడట్లేదు పెద్దమ్మా" అంటారు. దాని పని సగంలో ఉంది. గొట్టాలన్నీ ఫ్రీజరులో ఉన్నాయి. కరెంటు పోతే? పిల్లలూ, తెగింది, నిజమే. కొస మీ చేతుల్లో ఉంది. వదిలిపెడతారా?

"ఒక్కసారి వచ్చి చూడక్కా" అని అది ఎంత బతిమాలినా, ఏది పగలగొడతానో అని నేను గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు వస్తాను. నాకు ఆ గీతలు చూపించండి.

ఇక అందరూ లేవండి. మరిదిగారూ, మెల్లగా, కుర్చీ పట్టుకుని. పెద్దగారూ, మోకాలు నొప్పైతే కూర్చునే ఉండండి, అది ఏమీ అనుకోదు. దాని నవ్వు తలుచుకుని కాసేపు మాట్లాడకుండా ఉందాం.

మరిచిపోతానేమో, మౌనానికి ముందే చెప్పేస్తున్నాను: ఈ నెల ఇరవై రెండు, శనివారం, పదింటికి నేను ల్యాబుకు వస్తున్నాను. పదింటికి అన్నానని పదింటికి రాకండి. తొమ్మిదింటికే గుమ్మంలో ఉంటాను. తలుపు తీసి ఉంచండి.