మూడో నిమిషంలో కాకులు

హలో… ఆఁ, నేనే బావా, తాయార్నే… బళ్లోనే ఉన్నాను. నీళ్ల ట్యాంకు మెట్లెక్కి మాట్లాడతన్నాను. భావనపాడులో సిగ్నలు ఇక్కడే కదా దొరుకుతాది… ఊఁ, సెప్పు.

మెమోనా?… వచ్చింది… సదివేను. రెండుసార్లు సదివేను. ఒకసారి కోపంగా, ఒకసారి నవ్వుకోడానికి.

సాయంత్రం ఐదు లోగానా?… క్షమాపణ లేఖ… ఊఁ… "ఆటుపోట్ల పాఠం మీ వీడియో సూసి కాపీ కొట్టేను, తప్పయిపోయింది" అని… అలగ రాస్తే సాలా, ఇంకొంచెం వంగి రాయాలా?

ఎటకారం ఏటి బావా! నువ్వు జిల్లా ఆఫీసులో డిజిటల్ పాఠాలకి పెద్ద సారువి. నేను సేపలోళ్ల ఊర్లో సైన్సు టీచర్ని. నీకాడ ఎటకారం ఆడతానేటి?

రాస్తాను… రాస్తానన్నాను కదా. ఒక్క సందేహం తీర్చు. నా పాఠం ఇంటర్నెట్లో ఎక్కించింది ఆగస్టులో. మీ వీడియో వచ్చింది డిసెంబర్లో… అవునా, కాదా?… అంటే నాలుగు నెల్ల తర్వాత పుట్టబోయే పాఠాన్ని నేను ముందుగానే కాపీ కొట్టేసేనన్నమాట… ఓలమ్మ, నాకింత తెలివుందని నాకే తెలీదు.

కంప్యూటర్ సెప్పిందా?… తొంబై రెండు శాతం ఒకటేనా?… మిగతా ఎనిమిది ఏటో అది సెప్పలేదా? నేను సెప్పనా?… ఉష గొంతు. గంగులు పేరు. రెండు గడియలు… అదే ఎనిమిది.

ఉష ఎవరంటావేటి? పాఠం సెప్పిన పిల్ల. మా పదో తరగతి. వాళ్లమ్మ మరిడమ్మ ఎండుసేపలు అమ్ముతాది… గంగులు దాని నాన్న. పోటు రోజుకి రెండు గడియలు ఆలస్యంగా వస్తాదని లెక్క సెప్పింది ఆ మనిసే… గడియకి ఇరవై నాలుగు నిమిషాలు బావా. రెండుకి నలబై ఎనిమిది. మన పుస్తకం సుమారు యాబై అంటాది. పెన్సిలు పట్టని మనిసి రెండు నిమిషాల తేడాతో సెప్పేడు. మీ వీడియోలో ఆ ముక్క తీసేసేరు…

పాఠం స్థాయి తగ్గిపోతాదనా?… అబ్బో. సముద్రానికి సెప్పాల, ఇకనుంచి గడియల్లెక్కన రావద్దని.

ఏటీ… ఓపెన్‌గా పెట్టిందే కదా అంటావా? అవును, పెట్టేను. ఎవరు పెట్టమన్నారు? శ్రీకాకుళంలో రెండ్రోజులు కూసోబెట్టి, సమోసాలు పెట్టి, "పాఠాలు దాసుకోకండి టీచర్లూ, లోకానికి ఉచితంగా వదిలెయ్యండి" అని ట్రైనింగిచ్చింది ఎవరు?… నువ్వే… ఆ ఎనకే ఇంకో స్లైడు కూడా ఉన్నాది. తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు — సేసినోళ్ల పేరు మాత్రం ఉంచాల. నా కాడ బద్రంగా ఉన్నాది. వాట్సాప్‌లో పంపనా?… వద్దా. సర్లే.

గంగుల్ని అడిగితే ఏటన్నాడో తెల్సా? "పెద్దవల ఒడ్డుకి లాగినప్పుడు దారినపోయేవోడు తాడు పట్టినా సేపలిస్తాం మేడమ్. పాఠానికేటి, అందరికీ పెట్టండి. కాని ఎవలి వల అని అడిగితే మాత్రం వల గలవోడి పేరే సెప్తాం" అన్నాడు… నీ స్లైడు సూడలేదు బావా ఆ మనిసి. సమోసా కూడా తినలేదు.

ఏటీ?… మీరు సొంతంగా స్టూడియోలో తీసేరా?… ఓహో… అయితే మూడో నిమిషం పెట్టు. నీ ముందర కంప్యూటరున్నాది కదా. నేనాగుతాను…

…

ఇన్నావా? "ఒసే ఉషా, కాకులే! సేపలెత్తుకెల్లిపోతన్నాయి, తోలే!"… మరిడమ్మ గొంతది. మేం పాఠం తీసింది ఆవిడ సేపలు ఆరబెట్టిన కాడ… మీ స్టూడియోలో కూడా సేపలు ఆరబెడతారేటి? ఏసీకి ఆరతాయా?

ఉష మాట ఆపి కాకుల్ని తోలడానికి ఎల్లింది, అందుకే అక్కడ మాటల్లేవు. ఉష గొంతు తీసేసి మీరు పెట్టిన ఆవిడ కూడా సరిగ్గా అక్కడే ఆగింది పాపం. ఆవిడ ఎక్కడికెల్లిందో?… వచ్చి మళ్లీ "చంద్రుని ఆకర్షణ బలము వలన" అంటన్నాది. ఎంత సక్కగా అంటన్నాదో. ఎనకాల కాకులు.

నవ్వకు… నవ్వట్లేదా? నేనూ నవ్వట్లేదు.

ఇను. గంగులు గుజరాత్‌లో ఉన్నాడు, వీరావల్‌లో, బోటు మీద పని. మా ఊరి మగోళ్లు సగంమంది అక్కడే. పిల్ల గొంతు ఇనడానికే ఆ పాఠం పెట్టుకునేవోడు. కూడా ఉన్న ఎనిమిదిమందికీ ఆటుపోట్లు బట్టీ వచ్చేసింది… మీరు ఫిర్యాదు పెట్టి నా పేజీ మూయించేరు కదా. వాడికేం తెలుసు? పాఠం పేరు కొట్టి ఎతికేడు. మీది దొరికింది. అదే ఒడ్డు, అవే బొమ్మలు, అవే కాకులు. పిల్ల గొంతు లేదు…

నాకు ఫోన్ సేసేడు. "మేడమ్, ఉషకేటైంది? పిల్ల గొంతెందుకు తీసేసేరు? మరిడమ్మ ఫోనెత్తట్లేదు. నాకాడ ఏటో దాస్తన్నారు" అని… మరిడమ్మ టెక్కలి సంతలో ఉన్నాది, దానికి ఇనపడలేదు, అంతే. ఏటీ అవలేదయ్యా అని నేను సెప్పేలోగా బోటు కదిలిపోయింది. లైను కట్టయిపోయింది.

పది రోజులయ్యింది బావా. సముద్రం మీద సిగ్నలుండదు. పిల్ల ఉన్నాదో లేదో తెలీక ఆ మనిసి వల లాగతన్నాడు. నాకు ముద్ద దిగట్లేదు. ఉష మొగం సూస్తే ఏడుపొస్తన్నాది…

ఎవరో కుర్రోళ్లు సేసేరా?… నీకు తెలీదా?… పోన్లే, తెలీకపోతే నువ్వేటి సేస్తావు… ఉండు. మీ వీడియో ఆఖరిదాకా నేనెప్పుడూ సూడలేదు, కోపం ఆగక మధ్యలో మూసేసేదాన్ని. ఇప్పుడు ఒళ్లో ట్యాబ్‌లో ఆడతన్నాది… అయిపోవస్తన్నాది…

…

బావా.

ఆఖర్న పేరొకటి పడింది. "రూపకల్పన" అని… సదవనా?… జగన్నాధం… ఆ ఆఫీసులో జగన్నాధాలు ఎంతమందున్నారేటి?



పాఠం నీకు మొదట సూపించింది మా ఇంట్లో. ఈశ్వరక్కా నువ్వూ భోజనానికొచ్చినప్పుడు. పెన్‌డ్రైవ్‌లో నేనే ఏసి ఇచ్చేను. "బాగుందే తాయారూ" అన్నావు. రొయ్యల కూర రెండుసార్లు ఏసుకున్నావు… ఎందుకు బావా?… జనవరి ఇరవై ఆరా?… ప్రశంసా పత్రమా… మరి మెమో నామీదకెందుకూ?… ఆఁ, నిజమే. రెండు పాఠాలు కనిపిస్తే అసలుదెవరిదని అడుగుతారు కదా. ఒక కాయితం కోసం.

లేదు… పైవాళ్లకి రాయను. మా అక్క మొగం సూసి రాయను. కాని నేను సెప్పింది సెయ్యి. ఇప్పుడే, నేను లైన్లో ఉండగానే… ఫిర్యాదు ఎనక్కి తీస్కో… నొక్కేవా?… సూస్తన్నాను ఉండు… తిరుగుతన్నాది… తిరుగుతన్నాది… వచ్చింది. నా పేజీ వచ్చింది. ఉష గొంతు బావా… ఇను, ఇను ఒకసారి.

ఇప్పుడు మీ వీడియో కింద పేర్లు. నీది తియ్యి… తీసేవా. ఉష, పదో తరగతి, భావనపాడు… ఆ కింద గంగులు… హోదానా? ఆ గడి ఖాళీ వదిలితే ఒప్పుకోదా?… సేపలవేట అని పెడితే బాగోదా. మరైతే నీ హోదానే పెట్టెయ్యి, ఆయన పాఠం నువ్వు పెట్టుకోలేదేటి?… సరే, రాయి. "పోటు లెక్క సెప్పినవారు"… వారు అనే రాయి.

మెమోనా? సింపేసి సెత్తబుట్టలో—

ఉండు. ఇంకో కాల్ వస్తన్నాది…

బావా, వీరావల్. గంగులు. ఒడ్డుకొచ్చేసేడు.

కాదు, ఫోన్ పెట్టెయ్యకు! పెట్టేవంటే ఇప్పుడే ఈశ్వరక్కకి ఫోన్ సేస్తాను… నేను సెప్పను. నువ్వే సెప్తావు… ఏటి సెప్పాలా? "నీ పిల్ల గొంతు తీయించింది నేను." అంతే. ట్రైనింగులో రెండ్రోజులు ఆపకుండా మాటాడేవు, ఇది ఒక్క ముక్క… కలుపుతన్నాను.

హలో, గంగులూ… ఆఁ, మేడమ్‌నే… బాగున్నాది. ఉష బాగున్నాది, కింద బళ్లోనే ఉన్నాది, పిలుస్తాను… ఏటీ అవలేదు… ఏడవకయ్యా… ఏడవకు… ఒక సారు లైన్లో ఉన్నారు. ఆ గొంతు సంగతి ఆయనకే తెలుసు.

సెప్పండి సారూ…

…

సెప్పండి. ఇంటన్నాడు.