రెండో కెమెరా కొనకండి

అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దాయనకు, ఆయన పక్కనున్న అతిథులకు, ఎదుటనున్న బంధుమిత్రులకు, వెనక గోడకానుకుని నిల్చున్న మా స్టూడియో వాళ్లందరికీ నమస్కారాలు. అమ్మా, ఆ మైకు తీగ మీదనుంచి కాలు తియ్యి తల్లీ, తట్టుకుని పడ్డావంటే నా వీడ్కోలు సభ కాస్తా నీ పరామర్శ సభ అవుతుంది. (నవ్వులు)

నేను అయిదో తరగతి దాటలేదు. ఈ నాలుగు ముక్కలూ మా కోడలు రాసిస్తానంది గానీ, ఆమె రాస్తే చెప్పాల్సింది మింగేసి కూర్చుంటానేమోనని భయమేసి నేనే రాసుకొచ్చాను.

ముప్పై ఒక్కేళ్లు మా మరిది స్టూడియోలో ఫొటోల వెనక కట్టే తెరలు ఇస్త్రీ చేశాను, ముఖాలకు పౌడరు అద్దాను. ఇంకో పని కూడా ఉంది. కొత్త కెమెరా ఏది వచ్చినా ముందు నన్నే కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసి చూస్తారు. "మా వదిన మొహం బాగా వస్తే ఎవరి మొహమైనా వస్తుంది" అంటాడు మరిది. అది పొగడ్తో తిట్టో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. (నవ్వులు)

పెళ్లి వీడియోలు తీసీ తీసీ జుట్టు నెరిసిన మనిషికి ఒకటే కోరిక, చచ్చేలోగా ఒక సినిమా తీయాలని. రీలున్న రోజుల్లో తాహతు లేదు, తాహతు వచ్చేసరికి రీలే లేకుండా పోయింది. డిజిటల్ కెమెరా అయినా బొమ్మ మాత్రం రీలు మీద తీసినట్టుండాలని పట్టుబట్టి, కొనేముందు పోల్చి చూడ్డానికి కిందటి వారం మూడు కెమెరాలు ఒక్కరోజు కోసం తెప్పించాడు.

వాటిలో రెండోది నా ఇస్త్రీ బల్ల పక్కనే పెట్టారు. నేను తెర దులుపుతుంటే నూగంతా దాని అద్దం మీదికే పోతోంది. పరాయి సొమ్ము, గీత పడితే ఎవరు జవాబు చెప్తారని నా భయం. అందుకని కాలికున్న సన్నటి నైలాను మేజోడు తీసి, అద్దం మీద బిగుతుగా లాగి, రబ్బరుబ్యాండు వేసి, పైన నల్ల తొడుగు మళ్లీ తగిలించేశాను. ఉతికిన మేజోడే, ఒట్టు. (నవ్వులు) విప్పుదామనుకునేలోపే కుర్చీలోకి పిలిచారు. తొడుగు తీసినవాళ్లెవరూ ఆ పల్చటి మేజోడు గమనించలేదు.

సాయంత్రం పెద్ద తెర మీద వేశారు. మొదటిదాంట్లో నా ముడతలు లెక్కపెట్టొచ్చు, వెనక కిటికీ సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోయింది. రెండోదాంట్లో వెలుగు పాలమీగడలా మెత్తగా పరుచుకుంది. మూడోది చూసి ఎడిటరమ్మాయి, కిటికీ అవతల ఆరేసిన బట్టల రంగులు కూడా తెలుస్తున్నాయి, ఆమె చెంపకు నీడ పడ్డవైపు నల్లబడలేదు, ఇదే మేలు సార్ అని మొత్తుకుంది. ఎవరు విన్నారు? మరిది కళ్లనిండా నీళ్లు. "రెండోదే వదినా. ఇదీ సినిమా అంటే" అన్నాడు.

ఆ కళ్లు చూశాక మేజోడు సంగతి చెప్పడం మానేశాను. సర్దేటప్పుడు గుట్టుగా మేజోడు లాక్కుని తొడుక్కున్నాను.

(సభలో గుసగుసలు)

కెమెరాలు తెచ్చిన నాయనా, అలా తల పట్టుకోకు. పెద్దలారా, రేపు పదింటికి మా మరిది రెండోదే కావాలని చెప్పేస్తాడు. మొదటిదీ అదీ ఒకే కంపెనీ అక్కచెల్లెళ్లని ఈ తెచ్చినాయనే అన్నాడు, మేజోడు లేకపోతే అదీ మొదటిదానిలాగే తీస్తుంది. మర్యాదగా సాగనంపుతున్నారు కదా, నోరు మూసుకుని వెళ్లిపోదామనుకున్నాను. కానీ అబ్బాయ్, నీకు అరవై దాటాయి, ఇంకో సినిమా తీస్తావని నమ్మకమేముంది? షూటింగు మొదటిరోజు బొమ్మ చూసి చేతిలో పనితనం పోయిందేమోనని నువ్వు కుమిలిపోతే, ఇంట్లో నాకు ముద్ద దిగదు. ఆ పిల్ల మాట విను. మూడోది తీసుకో.

కాగితంలో ఇంతే ఉంది.

ఏంటబ్బాయ్? గట్టిగా చెప్పు, వెనకవాళ్లకు వినపడలేదు. మూడోదే కొంటాడట. దానికి మేజోడు కట్టి చూస్తాడట. (నవ్వులు, చప్పట్లు) ఇప్పుడే ఇమ్మంటున్నాడు. నాయనా, అది నా ఎడమకాలికే ఉంది, అధ్యక్షులవారి ఎదుట కాళ్లు చాపమంటావా? (నవ్వులు)

ఇంటికి రా, ఉతికి ఆరేసి ఇస్తాను. జత విడదీయడం నాకిష్టం లేదు, రెండూ తీసుకుపో. నన్ను ఇంతకాలం భరించిన మీ అందరికీ చేతులెత్తి దణ్ణం. మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త, ఇక సెలవు.