పేరమ్మ చూడని గిత్త

కోటిలింగమని ఒకడుండేవాడు, గుండ్లకమ్మ ఒడ్డున, మా పక్క ఊళ్ళోనే. పెళ్ళాం పేరు ఆదెమ్మ. వాళ్ళకి పిల్లల్లేరు, ఒక గిత్త ఉండేది. శంఖుడు దాని పేరు. తెల్లగా, పేరుకి తగ్గట్టే ఉండేదంట. మూపురం ఇంతెత్తు, గంగడోలు ఊపుకుంటా నడుస్తంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళంట. అది దూడగా ఉన్నప్పుడే తల్లి చచ్చిపోతే ఆదెమ్మ గుడ్డ పాలల్లో ముంచి చీకించి సాకింది. ఇంక అది గిత్తా కొడుకా అంటే ఏం చెప్తాం, నువ్వే అనుకో. ఆ ఏడు ఏమైందంటే, తిరనాళ్ళలో గిత్తల ప్రదర్శన పెడతన్నారని దండోరా వేశారు. ఎండాకాలం తిరనాళ్ళు, రోళ్ళు పగిలే ఎండలు. కోటిలింగానికి ఆ దండోరా విన్నకాణ్ణించీ నిద్రుంటే ఒట్టు. మన శంఖుణ్ణి మించింది చుట్టుపక్కల ఎక్కడుంది, మొదటి బహుమతి మనదేనే అంటాడంట పెళ్ళాంతో. ఆమేమో, ముందు దాన్ని ఎండకి కాపాడుకో, బహుమతి సంగతి తర్వాత అనింది. ఆయన ఎండ సంగతి పట్టించుకుంటేగా. ఆయన భయమంతా దిష్టి.

ఎవరి దిష్టీ అంటే, పక్కింటి పేరమ్మ దిష్టి. మొగుడు పోయాడు, రెండు గేదెల్ని పెట్టుకుని బతికేది. ఎవరినీ ఒక మాటని ఎరగదు పాపం. కానీ ఊళ్ళో ఆమెకి పేరు పడిపోయింది. ఆమె బాగుందన్న సొరపాది తెల్లారేసరికి వాడిపోయిందంట, ఆమె మెచ్చుకున్న పాలకుండ చేతిలోనే పగిలిపోయిందంట. పాదికి నీళ్ళు పోయకపోతే వాడిపోదా, చెయ్యి జారితే కుండ పగలదా? అది ఎవరూ అడగరు. ఒకసారి పేరు పడ్డాక పోద్దా అమ్మా? ఆమె గూడా అలవాటు పడిపోయింది. బాలింత ఉన్న ఇంటికేసి పోదు, పెళ్ళికి పిలిస్తే వెనకాల ఎక్కడో కూర్చునిద్ది. బాగుంది అనే మాట నోటికే రానీకుండా మానేసింది. చంటిపిల్లని చూసినా అంతే, మంచి కూర తిన్నా అంతే. అట్టా బతికింది.

సరే, కోటిలింగం ఏం చేశాడంటే, గొడ్లకొట్టం చుట్టూ తడికెలు కట్టాడు. తడికెల సందుల్లోంచి కనపడిద్దేమోనని వాటిమీద గోనెపట్టాలు కుట్టి దించాడు. చీమ దూరే సందు లేదనుకో. ఊరు లేవకముందే గిత్తని ఏటికి తోలకపొయ్యి కడిగి, మళ్ళీ లోపల కట్టేసేవాడు. నిగనిగలాడాలని ఒళ్ళంతా నూనె రుద్దేవాడు. ఒళ్ళు చెయ్యాలని ఉలవలు ఉడకబెట్టి పెట్టేవాడు. ఉలవలు వేడా కాదా, మీరు చెప్పండి. పైన ఎండ, లోపల ఉలవలు, ఒంటిమీద నూనె, చుట్టూ గోనెపట్టాలు. ఆదెమ్మ మొత్తుకునింది, ఏమయ్యా లోపల పొయ్యిలాగా ఉంది, ఉత్తరం వైపన్నా ఆ పట్టా తియ్యి, గాలాడిద్ది అని. ఉత్తరం వైపే గదే పేరమ్మక్క ఇల్లు, తిరనాళ్ళు అయ్యేదాకా ఓర్చుకో, తర్వాత ఊరంతా తిప్పుతా అన్నాడంట. ఓర్చుకోవాల్సింది ఆమె కాదుగా, గిత్త.

శంఖుడి మెడలో ఇత్తడి గంట ఉండేది. మధ్యాహ్నం పూట అది పడుకుని నెమరేస్తా ఉంటే ఆ గంట చిన్నగా, ఆగి ఆగి మోగేది. పేరమ్మ గోడకి ఇవతల గేదెలకి కుడితి కలుపుకుంటా ఆ చప్పుడు వినేది. చూడనియ్యలేదు గానీ వినొద్దంటే ఆగిద్దా. ఒకరోజు వడగాలి కొడతంది, మనుషులే ఇళ్ళల్లోంచి బయటికి రాలా. ఆ రోజు గంట మోగలా. కాసేపు చూసింది. నిద్రపోతందేమో అనుకునింది. మళ్ళీ చెవి పెట్టి వింటే గంట లేదు గానీ ఊపిరి వినపడతంది, కొలిమి తిత్తి కొట్టినట్టు. ఆమెకి కాళ్ళు నిలవలా. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తొక్కని గుమ్మం తొక్కింది. కోటిలింగం ఎదురొచ్చి తలుపుకి అడ్డం నిలబడ్డాడు. ఏందక్కా ఇట్టా వచ్చావు అన్నాడు. తమ్ముడూ, నీ గిత్త నెమరెయ్యడంలా, లోపలేదో అయింది, ఒకసారి చూడనీ అనింది. దానికేం కాలేదు, నువ్వు పోక్కా అన్నాడు. ఆయన గొంతు ఆయనకే నమ్మకంగా లేదు. ఎందుకంటే పొద్దున పెట్టిన ఉలవలు మేత వేసే గాడిలో అట్టానే ఉన్నయ్యి. అప్పుడు పేరమ్మ ఏం చేసిందో తెలుసా. కొంగు తీసి కళ్ళకి అడ్డం గట్టిగా కట్టుకుంది. నేను చూడను తమ్ముడూ, నా చెయ్యి తీసకపొయ్యి దాని డొక్క మీద పెట్టు, అంతే అనింది.

ఆదెమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. డొక్క మీద చెయ్యి పెట్టిందో లేదో, నాయనో, ఇది కాలిపోతందిరా లింగం అనింది పేరమ్మ. అది నాలిక బయటేసి రొప్పుతంది, మూతెంట నురగ, నిలబడలేక ముందుకాళ్ళు వంచింది. పట్టాలు పీకు అనింది పేరమ్మ. కోటిలింగం అట్టానే నిలబడ్డాడు. పట్టాలు తీస్తే ఊరు చూసిద్ది, తియ్యకపోతే గిత్త పోయిద్ది. ఆ మనిషికి ఆ నిమిషంలో ఎట్టా ఉందో మనకేం తెలుసు. ఉన్నట్టుండి కొడవలి తీసుకుని ఒక్కో పట్టా కోసి అవతల పారేశాడు. గాలి వచ్చింది. వడగాలే, అయినా గాలేగా. చుట్టుపక్కలోళ్ళు వస్తే నలుగురు కలిసి దాన్ని కానుగచెట్టు నీడకి నడిపించారు. ఊరంతా వచ్చేసింది, ఎవరింట్లో నీళ్ళు వాళ్ళు తెస్తన్నారు. ఒకడు నెత్తిన కుమ్మరిద్దామంటా కడవ ఎత్తాడు. పేరమ్మ కళ్ళకి గుడ్డ కట్టుకునే అరిచింది, నెత్తిన పొయ్యబాకరా, ముందు కాళ్ళు తడుపు, తర్వాత పొట్ట, మెల్లగా పైకి రా అని. ఉలవలు తీసెయ్యి, గంజిలో ఉప్పేసి పెట్టు, తాగినంతే తాగనీ, పచ్చగడ్డి తెచ్చి ముందు పెట్టు అని చెప్తానే ఉంది. ఆదెమ్మ సోపుతో రుద్ది ఆ నూనె వదలగొట్టింది. తర్వాత చీర కొంగుతో విసరతా కూర్చుంది, ఏడుస్తానే ఉంది. పొద్దు వాలేసరికి శంఖుడు తల దించుకుని ఒక పరక గడ్డి కొరికింది. ఇంకాసేపటికి దవడ ఆడింది. గంట మోగింది. పేరమ్మ ఆ చప్పుడు విని, ఇంక నేను పోతా అని లేచింది. కళ్ళకి కట్టుకున్న గుడ్డ అట్టానే ఉంది, గోడ పట్టుకుని తడుముకుంటా పోయింది. కోటిలింగం అది చూసి తల ఎత్తలేకపోయాడంట. అంత సిగ్గు ఎప్పుడూ పడలేదని ఆయనే తర్వాత మాకు చెప్పాడు.

తిరనాళ్ళ రోజు చల్లపొద్దునే బయల్దేరారు, ఎండ ఎక్కకముందే చేరాలని. బండికి తాటాకు కప్పు వేసి, దారిలో తడపడానికి నీళ్ళ కాగులు ఎక్కించుకున్నారు. గిత్తకి కొమ్ములకి కుచ్చులు కట్టారు, మెడలో ఆ గంటే. కోటిలింగం దాన్ని నేరుగా పేరమ్మ వాకిట్లోకి తోలకపొయ్యాడు. ఆమె చూసి గబుక్కున కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి తిరిగింది. అక్కా, ఇటు తిరుగు అన్నాడు. పొద్దున్నే పోటీకి పోతా ఇదేం పని తమ్ముడూ, పో అనింది. నువ్వు కళ్ళారా చూడందే ఇది పొలిమేర దాటదు, తిరనాళ్ళు లేకపోతే లేకపాయె అన్నాడు. ఆమె తిరిగింది. కొంగు దించింది. మూపురం నుంచి తోకదాకా చూసింది, మళ్ళీ మొహంకేసి చూసింది. గంగడోలు మీద చెయ్యి వేసి నిమిరింది. ఆ తర్వాత, బాగుంది అనింది.

మరి పోటీ సంగతేందంటారు. ఆ జబ్బుతో ఒళ్ళు తగ్గింది గదా, మొదటి బహుమతి రాలా, రెండోది వచ్చింది. ఇంటికొచ్చినాక ఎవడో అననే అన్నాడంట, పేరమ్మ చూసిందిగా, అందుకే అని. ఆదెమ్మ ఊరుకుంటదా, ఆ రోజు ఆమె వచ్చి చెయ్యేసి చూడకపోయుంటే తోలకపోవడానికి గిత్త ఏదిరా అనింది. దిష్టి ఉందో లేదో నాకు తెలవదు, నేనూ మా దూడలకి నల్లతాడు కడతా, అబద్ధమెందుకు. ఇంక నేను లేస్తా. ఇదిగో నారాయణా, ఇందాకణ్ణుంచీ నువ్వు కథ వింటన్నావు గానీ నీ గేదె ఎండలోనే ఉంది. పొయ్యి నెమరేస్తందో లేదో చూసుకో.